వెర్లిన్ స్టకీ ఎడమ మలుపు

వెర్లిన్ స్టకీ ముప్పై ఎనిమిదేళ్ళు బడి బస్సు నడిపాడు. అన్నేళ్ళలో ఒక్క మలుపు కూడా తప్పు తిరగలేదు. మంచు కురిసి రోడ్డేదో మొక్కజొన్న చేనేదో తెలియని జనవరి పొద్దుల్లో కూడా ఏ పిల్లను ఆ పిల్ల గుమ్మం ముందే దింపాడు. అయినా ఆయొవాలో ఈ మూల ఎవరినైనా అడగండి, వెర్లిన్ ఎవరని. 'దారి తప్పినాయన' అంటారు. మంచి చేస్తే మూడు రోజులు, తప్పు చేస్తే మూడు తరాలు. లోకం తీరే అంత, దాన్ని తిట్టి లాభం లేదు.

ఆ దారి తప్పింది డెబ్బై నాలుగులో. అప్పటికి వెర్లిన్‌కు ఇరవై ఏళ్ళు. వాల్‌డ్రిప్ విశ్వవిద్యాలయం కవాతు బ్యాండులో సూసాఫోన్ ఊదేవాడు. సూసాఫోన్ అంటే మెడలోంచి దూర్చుకుని భుజాన మోసే ఇత్తడి బూర. అది తగిలించుకుంటే మనిషి కనపడడు, బూరకే కాళ్ళొచ్చి నడుస్తున్నట్టు ఉంటుంది. అమెరికా ఫుట్‌బాల్ ఆట మధ్య విరామంలో రెండు వందల నలభై మంది బారులు తీరి మైదానంలోకి నడవాలి. మైదానం నడుమ యాభై గజాల గీత దగ్గర ఈల వినబడగానే అందరూ కుడికి తిరగాలి. పెద్దలు కూర్చునే మెట్ల ముందుకు వెళ్ళి నిలబడి విశ్వవిద్యాలయం పాట వాయించాలి. వెర్లిన్‌ది ఆఖరి వరసలో ఎడమ చివర చోటు, అతనికి అదే మొదటి ఆట. ఈల వేశారు. సరిగ్గా అప్పుడే పొడుగు టోపీ జారి కళ్ళు మూసింది. వెర్లిన్ ఎడమకు తిరిగాడు.

తిరిగినవాడు ఆగొచ్చు కదా. ఆగడు. ఆకాశం విరిగిపడ్డా ఆగకూడదు, ఊదడం ఆపకూడదు అనేది బ్యాండులో మొదటి పాఠం. వెర్లిన్ మంచి విద్యార్థి. ఊదుకుంటూ ఊదుకుంటూ తూర్పు గేటు దాటాడు, కార్లు నిలిపే చోటు దాటాడు, చివరికి బూర పోయి పాప్‌కార్న్ బండికి గుద్దుకుంది. బండివాడు అతని టోపీ పైకెత్తి, ఉప్పు వెయ్యనా వెన్న వెయ్యనా అని అడిగాడట.

అక్కడితో పోయుంటే బాగుండేది. కానీ ఆ రోజు ఇరవై నాలుగు పాయింట్లు వెనకబడిన మన జట్టు, వెర్లిన్ బయటికి పోయాక గెలిచింది. మరుసటి సోమవారం ఆట నేర్పే పెద్దమనిషి బ్యాండు గదికి వచ్చి, వచ్చే శనివారం కూడా ఆ బూర అబ్బాయి దారి తప్పాలి అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, బ్యాండు మాస్టరు సరేనని రాసుకున్నాడు. వెర్లిన్ దారి తప్పాడు, జట్టు గెలిచింది. ఇంక చెప్పేదేముంది.

వెర్లిన్ చదువు ముగించి వెళ్ళిపోయాక కూడా ఆ తప్పు ఉండిపోయింది. ప్రతి శనివారం సూసాఫోన్ వాళ్ళలో ఒకరు ఎడమకు తిరిగి పాప్‌కార్న్ బండి దాకా పోవాలి. దానికి 'స్టకీ మలుపు' అని పేరు. ఆ ఒక్కరు ఎవరో తేల్చడానికి ఆగస్టులో పోటీ, ముగ్గురు న్యాయనిర్ణేతలు. టోపీ ఏ అడుగు దగ్గర జారాలి, ముఖంలో ఎంత అయోమయం ఉండాలి అన్నదానికి పదకొండు పేజీల పుస్తకం. తప్పును తప్పు లేకుండా చెయ్యాలన్నమాట. ఎనభై ఎనిమిదిలో ఒక పిల్లవాడు కంగారులో సరిగ్గా తిరిగేశాడు. జట్టు నలభై ఒక్క పాయింట్ల తేడాతో ఓడింది. ఆ పిల్లవాడు ముఖం చూపించుకోలేక చదువు పక్క రాష్ట్రం నెబ్రాస్కాకు మార్చుకున్నాడు.

అక్టోబరులో పాత విద్యార్థుల శనివారం వస్తుంది. ఆ రోజు మాత్రం బొత్తాలు పట్టని పాత కోట్లు వేసుకుని ముసలీ ముతకా అంతా పిల్లల బ్యాండుతో కలిసి నడుస్తారు. ఆ రోజు స్టకీ మలుపు స్టకీదే. యాభై ఏళ్ళలో ఒక్కసారీ మానలేదు. జ్వరం వచ్చిన ఏడు కూడా జ్వరంతోనే దారి తప్పాడు.

ఊరు ఊరుకుంటుందా? మేకులు కొనడానికి పోతే కొట్టువాడు ఎడమ వైపు చెయ్యి చూపించి ముసిముసిగా నవ్వేవాడు, మేకులు కుడి వైపున్నా సరే. పెళ్ళి రోజున ఆర్లిస్‌ను చెయ్యి పట్టుకుని చర్చిలోంచి బయటికి నడిపిస్తుంటే, వచ్చిన వాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూశారు. అతను సరైన వైపే తిరిగేసరికి వెనక బల్లల మీద ఎవరో ఉసూరుమన్నారు కూడా. వెర్లిన్ అందరితో పాటూ నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని తెలుసు కనుక.

పోయిన ఏడు ఆగస్టులో డాక్టరు మోకాలు చూసి, ఈ అక్టోబరే ఆఖరు, ఆ పైన ఆ బూర బరువు మొయ్యడానికి వీల్లేదన్నాడు. ఇంటికొచ్చి వెర్లిన్ బంగాళాదుంప కాసరోల్ ముందు కూర్చున్నాడు గాని ముద్ద నోట్లో పెట్టలేదు. ఆర్లిస్‌కు మనిషి సంగతి తెలుసు. ఆమె కూడా ఆ బ్యాండులోదే, పిక్కోలో వాయిస్తుంది. అది జానెడు పిల్లనగ్రోవి. అతని బూరలో వేస్తే దొరకదు, కానీ అరమైలు దూరానికి వినిపిస్తుంది.

"ఏవయ్యా, మోకాలా, మనసా?" అంది.

"ఆర్లిస్, నాకు ఒక్కసారి కుడికి తిరగాలని ఉంది."

ఆమె గరిటె కింద పెట్టింది. యాభై ఏళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదలు. డెబ్బై నాలుగు వేసవంతా వాళ్ళ నాన్న చేని గట్టు మీద ఆ మలుపు వెయ్యిసార్లు తిరిగి నేర్చుకున్నాడట. మెట్ల ముందు గడ్డి మీద అతని చోటు కొలిచి సున్నంతో గుర్తు పెట్టారట, ఇప్పటికీ ప్రతి ఆటకూ పెడతారట. అందరూ పోయి ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు, అతను పాప్‌కార్న్ బండి దగ్గర నిలబడ్డాడు. "నా చోటు నుంచి చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు. డెబ్బై ఏళ్ళొచ్చాయి" అన్నాడు. చెప్పుకోవడానికి నవ్వొస్తుంది గాని, అతను కంచం పక్కకు నెట్టేశాడు.

మొండిగా చేసే మనిషి కాదు కనుక ముందు అనుమతి అడిగాడు. బ్యాండుకు ఒక సంప్రదాయ పరిరక్షణ సంఘం ఉంది. దాని అధ్యక్షుడు వెండెల్ ఓబర్‌హోల్ట్‌జర్, వెర్లిన్ ఈడువాడే, ట్రాంబోన్ అనే సాగే బూర వాయిస్తాడు, పళ్ళ డాక్టరు పని చేసి మానేశాడు. నవ్వితే నష్టం అన్నట్టుంటాడు. లూథరన్ చర్చి కింది గదిలో కాఫీలు పెట్టుకుని సంఘం కూర్చుంది. వెర్లిన్ టోపీ చేతిలో పట్టుకుని సంగతి చెప్పాడు.

"ఒరే వెర్లినూ, నువ్వు సరిగ్గా తిరిగితే అది తప్పెలా అవుతుందిరా?" అన్నాడు వెండెల్.

"అవదనే చెప్తున్నా."

"నీ చేత తప్పు చేయించడానికేగా మేమంతా ఉన్నది."

సంఘంలో ఉన్న ఏడుగురూ చేతులెత్తారు, వద్దని. పైగా ఆ ఎడమ మలుపు వ్యక్తిగత ఆస్తి కాదనీ, వెర్లిన్ దానికి కేవలం మొదటి వాడుకదారుడనీ ఇంకో తీర్మానం రాసుకున్నారు. కడుపు మండదూ? వెర్లిన్‌కు మండింది. ఇంటికి వచ్చేదారిలో, అడిగి చెడ్డాను, ఇంక అడగకుండానే తిరుగుతాను అని నిశ్చయించుకున్నాడు.

ఆ సంగతి ఆర్లిస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే ఇద్దరూ బడి బస్సుల దొడ్డికి పోయేవాళ్ళు. ఆమె ఈల వేసేది, అతను బూర మోసుకుని కుడికి తిరిగేవాడు. మొదటి వారం ఎన్నిసార్లు ఈల వేసినా కాళ్ళు ఎడమకే పోయాయి. యాభై ఏళ్ళ అలవాటు మరి. ఆర్లిస్ చివరికి అతని కుడి బూటుకు ఎర్ర దారం కట్టింది, ఈల వినపడగానే ఆ కాలి వైపు చూడమంది. సెప్టెంబరు ఆఖరుకు కాళ్ళు మాట విన్నాయి.

ఆ శనివారం దగ్గర పడేకొద్దీ ఊరి తీరు మారింది. వెర్లిన్ కాఫీ కొట్టులోకి అడుగుపెడితే పాత బ్యాండు వాళ్ళు మాటలు ఆపేసేవారు. ఇప్పటి బ్యాండు డైరెక్టరు రోజలిండ్ టీగ్ ఫోన్ చేసి, మోకాలికి విశ్రాంతి కావాలి, శుక్రవారం సాధనకు రావద్దంది. ఎవరినీ ముట్టుకోని వెండెల్ తపాలా ఆఫీసు ముందు అతన్ని కావలించుకుని వీపు మీద మూడుసార్లు తట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తన గుట్టు బయటపడిందనే అనుకున్నాడు వెర్లిన్. శుక్రవారం పొద్దున ఆర్లిస్‌తో, మానేద్దామా అన్నాడు. ఆమె అతని పాత కోటుకు బొత్తాలు జరిపి కుడుతోంది.

"మానితే మాను. మోకాలు నీది, బూర నీది, మలుపూ నీదే" అని దారం కొరికింది.

మానలేదు. శనివారం ఎండ బాగా కాసింది. నలభై వేల మంది జనం. విరామంలో పిల్లలూ పెద్దలూ కలిసి బారులు తీరి మైదానంలోకి నడిచారు. ఆర్లిస్ ముందు వరసలో ఉంది, వెర్లిన్ ఎప్పటిలాగే ఆఖరి వరసలో ఎడమ చివర. జట్టు ఓడితే ఊళ్ళో తలెత్తుకోలేడు. నెబ్రాస్కా వెళ్ళిన పిల్లవాడు గుర్తొచ్చాడు. యాభై గజాల గీత దగ్గర ఈల మోగింది. వెర్లిన్ కుడి బూటు వైపు చూసి కుడికి తిరిగాడు.

తిరిగి చూస్తే ఎదురుగా వెండెల్ ముఖం.

వెండెల్ వెనక అతని వరసంతా, ఆ ముందు వరసలన్నీ ఎడమకు తిరిగి, ఎదురుగా అతని మీదికి నడిచి వస్తున్నాయి. సంగతేమిటంటే, వెర్లిన్ ఆఖరి కవాతు కనుక అతని గౌరవార్థం బ్యాండు మొత్తం అతనితో పాటు దారి తప్పాలని సంఘం రహస్యంగా తీర్మానించింది. ఆ కావలింతలూ, ఆ గుసగుసలూ అందుకే. శుక్రవారమంతా దాన్నే సాధన చేశారు. వెండెల్ ట్రాంబోన్ వాయిస్తున్నాడు కనుక నోటితో తిట్టలేడు, కళ్ళతో మాత్రం తిట్టగలిగినంత తిట్టాడు. ఆగకూడదన్నది ఇద్దరికీ ఒకే మాస్టరు నేర్పిన పాఠం. ఇద్దరూ ఆగలేదు. ఆఖరి క్షణంలో వెండెల్ పక్కకు తప్పుకున్నాడు, అతని వెనక వాళ్ళూ తప్పుకున్నారు. పిల్లలూ ముసలివాళ్ళూ డోళ్ళూ బూరలూ అతనికి అటొకరు ఇటొకరుగా చీలి తూర్పు గేటు వైపు సాగిపోయారు. యాభై ఏళ్ళుగా ఒక్క మనిషికి అలవాటుపడిన గేటు అది. అంతమంది ఒకేసారి వచ్చిపడేసరికి ఇరుక్కుపోయారు, అక్కడే కదలకుండా వాయిస్తున్నారు.

వెర్లిన్ ఒక్కడూ మైదానం నడుమ నడుస్తున్నాడు. ఇన్నాళ్ళకు అందరితో పాటు తిరుగుదామనుకుంటే అందరూ అతని తప్పులోకే పోయారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బూర బరువు మొత్తం అప్పుడే తెలిసింది. ఇంక ఊదడం ఆపేద్దామనుకున్నాడు.

అప్పుడు వినిపించింది పిక్కోలో. గేటు వైపు నుంచి కాదు, ముందు నుంచి. ఆర్లిస్ కూడా కుడికే తిరిగి, అప్పటికే మెట్ల ముందుకు చేరి, తన చోట నిటారుగా నిలబడి, విశ్వవిద్యాలయం పాట ఎత్తుకుంది. వెర్లిన్ లెక్క తప్పకుండా నడిచి వెళ్ళాడు. ఆమె పక్కనుంచి పోతూ బూర మూతి కొంచెం జరిపి, నీకు ముందే తెలుసా అని అడిగాడు.

"మంగళవారం నుంచీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వాళ్ళ మనసు నొప్పించడమెందుకని మళ్ళీ ఎడమకే తిరిగేవాడివి" అంది ఆర్లిస్, పిల్లనగ్రోవి పెదవికి ఆనించుకునే. "నడు. నీ చోటికి ఇంకా పదహారు అడుగులుంది."

పదహారు అడుగులూ లెక్కపెట్టి నడిచాడు. గడ్డి మీద సున్నం గుర్తు కనిపించింది. దాని మీద నిలబడి మెట్ల వైపు తిరిగాడు. ఇటు పక్క ఎవరూ లేరు. అటు పక్క, దూరంగా, ఆర్లిస్ ఉంది. బ్యాండులో చోటు చేరగానే ఎవరైనా చేసేదే చేశాడు. తల తిప్పకుండా కళ్ళతో వరస సరిచూసుకున్నాడు. అరడుగు ముందుకొచ్చినట్టు అనిపించి, వెనక్కి జరిగి, ఆమెకు సమంగా నిలబడి ఊదడం మొదలుపెట్టాడు.