అత్తమ్మ వేళ్లకు తేనెమైనం

అఖిలది షాద్‌నగర్. పద్మశాలీల ఇంట్లోనే పుట్టినా, ఆమె నాయిన ఏనాడో మగ్గం వదిలి కంపెనీ పనిలో చేరడంతో దారం పట్టడం నేర్వలేదు. ఇంటర్ అయ్యాక కేకుల దుకాణంలో చేరింది. చాక్లెట్ కరిగించి కేకుల మీద పోయడం ఆమె పని. పెళ్లయి నేతగాళ్ల ఊరు పుట్టపాకకు వచ్చాక ఆ పనితో ఎవరికీ అవసరం లేకపోయింది.

అత్తగారింట్లో మిగతావాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. భర్త నరహరి మగ్గం నేస్తాడు. అత్త రాజమణి చిటికి కడుతుంది. అంటే డిజైను ప్రకారం దారాలను రబ్బరు ముక్కలతో అక్కడక్కడ బిగించి కట్టడం. కట్టిన చోట రంగు ఎక్కదు. చీర మీద పువ్వు విచ్చేది అక్కడే. అఖిల కట్టబోతే ముడులు జారిపోయేవి.

"నువ్వు పొయ్యికాడ చూస్కో బిడ్డా" అనేది రాజమణి. కోపంతో అనకపోయినా ఆ మాట అఖిలకు గుచ్చుకునేది.

ఆ చలికాలం రాజమణి వేళ్లు నెత్తురు వచ్చేటట్టు పగిలాయి. పగిలిన చర్మానికి తగిలితే పట్టుపోగు లేస్తుంది. పని ఇచ్చే గుర్వయ్య వచ్చి, కట్టినదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"వేళ్లు మానేదాక నూలు కట్టు వదినా. పట్టు ఖరాబైతాంది" అని మిగిలిన పట్టు వెనక్కి తీసుకెళ్లాడు.

అన్నం ముందు కూర్చున్నాక రాజమణి, "గీ చేతులు ఇగ గింతే" అంది. దవాఖానలో ఇచ్చిన మందు ఉన్నన్నాళ్లు పనిచేసింది; అయిపోగానే పగుళ్లు మళ్లీ తేలాయి.

గిన్నెలు కడిగి కడిగి తన చేతులు పగిలినప్పుడు దుకాణం యజమానురాలు స్వరూప తేనెమైనం, కొబ్బరినూనె కలిపి కరిగించి ఇవ్వడం అఖిలకు గుర్తొచ్చింది. ఆ సంగతి చెబితే, తేనె అమ్మే జానయ్య దగ్గర నరహరి మైనం ముద్ద తెచ్చాడు. అఖిల స్నానానికి వెళ్లి వచ్చేలోపు రాజమణి తొందరపడి దాన్ని స్టీలు గిన్నెలో వేసి పెద్ద మంట మీద పెట్టేసింది. ఇల్లంతా పొగ.

"నేరుగా మంట మీద పెట్టొద్దు అత్తమ్మా. నీళ్ల ఆవిరికే కరగాలె" అంటూ అఖిల స్టవ్ ఆపింది.

ఇంకో ముద్ద తెప్పించి, ఈసారి పెళ్లికి ఎవరో ఇచ్చిన పూల గాజు గిన్నె తీసి మరుగుతున్న నీళ్ల మీద పెట్టింది. టప్పుమని రెండుగా పగిలింది. అఖిల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రాజమణి ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "గిన్నె పోతే పోనీ. చెయ్యి తెగలే గద?"

ఆ మాటతో ధైర్యం వచ్చి అఖిల స్వరూపకు ఫోన్ చేసింది. "సాదా గాజు వేడికి ఆగదు పిల్లా. నువ్వు చాక్లెట్ కరిగించిన, వేడికి ఆగే మందం గాజు గిన్నె ఈడనే ఉంది, పంపిస్త" అంది స్వరూప. గిన్నె పార్సిల్లో వచ్చింది.

అఖిల తపేలాలో కొద్దిగా నీళ్లు పోసి, మంట చిన్నగా పెట్టి, నీళ్లు అడుగుకు తగలకుండా గాజు గిన్నెను తపేలా అంచు మీద కూర్చోబెట్టింది. నూనెలో మైనం చెక్కులు వేసింది. స్టీలు గిన్నెలోనూ కరుగుతుంది గానీ, గాజైతే మెల్లగా వేడెక్కుతుంది, అడుగున ఇంకా కరగని ముక్క పక్కనుంచే కనపడుతుంది. రాజమణి పీట వేసుకుని కూర్చుంది. చెక్కుల అంచులు మెత్తబడి, పసుపుపచ్చగా నూనెలో కలిసిపోవడం వంగి చూసింది.

చల్లారాక అది మరీ గట్టిపడింది. "గిది కొవ్వొత్తి లెక్కున్నది" అని నవ్వింది రాజమణి. అఖిల దాన్ని మళ్లీ ఆవిరి మీద పెట్టి ఇంకొంత నూనె కలిపింది. ఈసారి వేలికి వెన్నలా అంటింది.

రాత్రి రాసుకోవడం, పొద్దున శనగపిండితో జిడ్డు పోయేలా కడుక్కోవడం రాజమణికి అలవాటైంది. రోజూ ఒక పాత పట్టుపోగును వేలి మీదుగా లాగి చూసుకునేది. శివరాత్రి దగ్గరపడ్డాక ఒక పొద్దున పోగు ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

"అఖిలా! ఇటు రా! జర లాగి చూడు!"

అఖిల లాగింది. మళ్లీ లాగింది. ఇద్దరూ నవ్వారు. గుర్వయ్య అడిగించుకోకుండా పట్టు తెచ్చి ఇచ్చాడు.

వారం తిరక్కముందే పక్కింటి ఈదమ్మ ఖాళీ డబ్బీతో వచ్చింది. ఆమె భర్త మడమలు పగిలి, మగ్గం గుంటలో కాలు ఆడించలేకపోతున్నాడట.

"మా కోడలు చేసింది. కూసో, ఇప్పుడే చేసిస్తది" అని రాజమణి తానే లేచి తపేలాలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టింది. అఖిల కత్తి తీసుకుని మైనం చెక్కడం మొదలుపెట్టింది.