కత్తి పట్టుకొని బయట నిలబడ్డ బాపు

మా లక్సెట్టిపేటలో ఒకప్పుడు పెళ్లి పెట్టుకున్నవాళ్లు ముందు పంతులునో పాస్టరునో కలిసేవాళ్లు, ఆ తర్వాత మా ఇంటికి వచ్చేవాళ్లు. మా ఇంట్లో కత్తి ఉండేది. కూరగాయలు తరిగేది కాదు, వరి కోసేది కాదు, అసలైన పాతకాలపు కత్తి. చివరకు వచ్చేసరికి కొద్దిగా వంపు తిరిగి, చిన్న గిన్నె బోర్లించినట్టున్న పిడితో ఉండేది. మా వైపు పెళ్లికొడుకు నలుగు పెట్టిన దగ్గరి నుంచి పిల్లను ఇంట్లోకి తెచ్చుకునేదాకా చేతిలో కత్తి ఉండాలి, దాని మొనకు నిమ్మకాయ గుచ్చాలి. దిష్టి తగలకుండా అంటారు. చాలా ఊళ్లలో జానెడు బాకుతో సరిపెట్టుకుంటారు. మా ఊళ్లో మాత్రం హిందువులైనా, మా చర్చివాళ్లయినా మా ఇంటి కత్తే కావాలనేవాళ్లు. వచ్చి అరుగు మీద కూర్చొని, చాయ తాగి, ఊరి ముచ్చట్లన్నీ అయ్యాక, "మరి కత్తి సంగతి?" అనేవాళ్లు.

కత్తి ఉందని మేమేదో రాజుల వంశం అనుకోవద్దు. మా ముత్తాత దొర ఉండే గడీలో జవాను. దొర పల్లకి ముందు ఈ కత్తి భుజాన పెట్టుకొని నడవడం ఆయన పని. దొర దాన్ని ముట్టుకున్నది కూడా లేదట. బడి పుస్తకాల్లో కత్తి అనగానే రాజు బొమ్మ వేస్తారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాకతీయుల కాలమైనా, తర్వాత వచ్చిన సుల్తానుల కాలమైనా, ఎండలో రోజంతా ఆ ఇనుము మోసింది కూటికి లేనివాళ్లే కదా. గడీ పాడుబడి దొర పట్నం వెళ్లిపోయాక, తిరిగి ఇమ్మని అడిగేవాళ్లు లేక కత్తి మా ఇంటి దూలానికి చేరింది. అది ముత్తాత కంటే ఎంత పాతదో ఎవరికీ తెలియదు.

మా బాపు, అంటే మా నాన్న, మిషన్ బడిలో అటెండరు. బడిలో గంట కొట్టేటప్పుడు వంగి ఉండే మనిషి, కత్తి చేతికి రాగానే నిటారుగా అయ్యేవాడు. ప్రతి పెళ్లికొడుకునూ ముందు నిలబెట్టుకొని పాఠం చెప్పేవాడు.

"సూడు పిలగా, దీనికి ఒక్క దిక్కే పదును. రెండో దిక్కు వీపు. ఆ వీపు ఎవలి కోసం వెట్టిండ్రనుకున్నవ్? మోసెటోని కోసం. రెండు దిక్కుల పదునుంటె భుజం మీద ఎట్ల వెట్టుకుంటవ్? వీపు భుజం మీద, పదును పైకి. అర్థమయ్యిందా?"

మా వాడకట్టులో ఇనుప సామాన్ల దుకాణం నడిపే ముస్లిం పెద్దాయన దీన్ని తల్వార్ అనేవాడు. గుర్రం మీది నుంచి కొట్టడానికే ఆ వంపు, బలం కోసమే ఆ మందపాటి వీపు అని బాపుతో వాదించేవాడు. "మనోళ్లకు గుర్రాలు ఏడివి భాయ్? కాళ్లే గద" అని బాపు నవ్వేవాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలియదు. నాకు బాపు చెప్పిందే ఇష్టం.

కత్తికి ఒక కట్టుబాటు ఉండేది. పెళ్లికొడుకు చెయ్యి, మా ఇంటి చెయ్యి, ఈ రెండే దాన్ని పట్టాలి. మూడో చెయ్యి తగలొద్దు, నేల మీద పెట్టొద్దు. ఇందులో మహిమ ఏమీ లేదు. పదునున్న ఇనుము, చుట్టూ పిల్లలు, బ్యాండు మేళం, కల్లు తాగి ఊగేవాళ్లు. ఎవరికైనా తెగితే మా ఇంటి పేరు పోతుందని బాపు భయం. అందుకే కత్తి ఎక్కడికి పోతే బాపు అక్కడికి పోయేవాడు. పెళ్లికొడుకు తినేటప్పుడు, స్నానానికి పోయినప్పుడు కత్తి అందుకొని పక్కన నిలబడేవాడు.

హిందువుల పెళ్లిలో దీనితో ఇబ్బంది లేదు, బాపు పందిట్లోనే ఉండేవాడు. చిక్కంతా మా చర్చి పెళ్లిళ్లతోనే. మా పాస్టరు అయ్యగారు ఆయుధం లోపలికి రానిచ్చేవాడు కాదు. ఆ నిమ్మకాయను చూస్తేనే ఆయనకు చిరాకు. పెళ్లికొడుకు మెట్ల దగ్గర కత్తిని బాపు చేతికిచ్చి లోపలికి పోయేవాడు. ప్రమాణాలు, ఉంగరాలు, సంతకాలు అన్నీ అయ్యి, జంట బయటికి వచ్చేదాకా బాపు అక్కడే, ఎండైనా వానైనా. అట్లా మా చర్చిలో జరిగిన పెళ్లిళ్లన్నింటికీ వెళ్లాడు, ఒక్కటీ చూడలేదు. ఏ పాట దాకా వచ్చిందో చెవితోనే పట్టుకునేవాడు. "ఇగో, గీ పాటయితె సంతకాలే" అని బయట చెప్పులు కాసే పిల్లలకు చెప్పేవాడు.

నాకు అన్నదమ్ములు లేరు, నేనొక్కదాన్నే. ఒకసారి బాపుకు జ్వరం వచ్చినప్పుడు కత్తి వెంట నన్ను పంపాడు. మంచి చీర కట్టుకొని, కత్తి భుజాన పెట్టుకొని చర్చి మెట్ల దగ్గర నిలబడితే ఆడవాళ్లు ఒకటే నవ్వు. "పెండ్లి పిల్ల లోపట ఉన్నదా, బయట ఉన్నదా?" అని ఆటపట్టించారు. నాకు మాత్రం గొప్పగా అనిపించింది. ఆ తర్వాత బాపు మోకాళ్లు నొప్పి అన్నప్పుడల్లా నేనే పోయేదాన్ని. ఆ మెట్ల దగ్గర నిలబడ్డాకే బాపు ఏం పోగొట్టుకుంటున్నాడో నాకు తెలిసింది. లోపల అందరూ ఒక్కసారిగా నవ్వుతారు. ఎందుకు నవ్వారో మనకు తెలియదు.

తొంభైల్లో నా పెళ్లి కుదిరింది. అబ్బాయిది మంథని దగ్గర ఊరు, వరి పండించే ఇల్లు, మావాళ్లలాగే చర్చివాళ్లు. మా అత్తకు కత్తి సంగతి ముందే తెలుసు. "నా కొడుకు కత్తి లేకుంట మీ ఊరు తొక్కడు" అని చెప్పి పంపింది. బాపు మురిసిపోయాడు. నాకు మాత్రం ఒక్కటే ఆలోచన. చర్చిలో పిల్లను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోవాల్సింది తండ్రి. ఆ చేతిలో కత్తి ఉంటే నన్ను తీసుకుపోయేదెవరు?

పెళ్లికి ముందు రోజు పొద్దున బాపు వాకిట్లో కత్తికి కొబ్బరినూనె రాస్తున్నాడు. పక్కన కూర్చొని అడిగాను.

"బాపూ, రేపు నువ్వు లోపటికి రావాలె."

"నీ మేనమామ తోలుకపోతడు తియ్యి బిడ్డా."

"నాకు మేనమామ వద్దు. నువ్వు గావాలె."

"మరి కత్తి ఎవలు వట్టాలె? నువ్వు వడుతవా?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. గోదావరిలో పారేయ్ అన్నాను. మా అమ్మ, నేను అవ్వ అంటాను, లోపలి నుంచి నన్ను తిట్టింది. బాపు గుడ్డతో మొన తుడిచాడు.

"మా చెల్లె పెండ్లికి మా నాయిన గూడ బయటనే నిలవడ్డడు. ఊరందరికి నేను జెప్పిన మాట, నా ఇంటి పెండ్లికి నేనే ఇడిసిపెడితె ఎట్ల?"

నేను ఊరుకునే రకం కాదు. నేరుగా అయ్యగారి ఇంటికి వెళ్లాను. కత్తిని వరలో పెట్టి, బట్ట చుట్టి, మూలకు ఒక చోట బాపు పట్టుకొని నిలబడతాడు, ఒప్పుకోండి అని అడిగాను. ఆయన మంచివాడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. "నీకు ఒప్పుకుంటె రేపు ఎవలకు కాదనాలె అమ్మా?" అన్నాడు. ఇంటికి వచ్చి అవ్వ ఒడిలో తల పెట్టుకొని ఏడ్చాను. పెళ్లి పిల్ల ఏడ్పు కదా, ఎవరూ పట్టించుకోలేదు.

మరునాడు ఊరి పొలిమేరలో బాపు చేతి నుంచి కత్తి అందుకొని, బ్యాండు మేళంతో పెళ్లికొడుకు వచ్చాడు. కత్తి వీపు భుజం మీద సరిగ్గానే పెట్టుకున్నాడు, పాఠం బాగా ఎక్కినట్టుంది. మెట్ల దగ్గర రెండు చేతులతో బాపుకు అందించి లోపలికి పోయాడు. నేను మేనమామ చెయ్యి పట్టుకొని మెట్లెక్కుతూ బాపు ముందు ఆగాను. తెల్ల ధోతి, తెల్లంగి, కొత్త కండువా. అంత అందంగా బాపును ఎన్నడూ చూడలేదు. "పో బిడ్డా, పో, పాట అందుకున్నరు" అన్నాడు. కండ్లు మాత్రం నా మీద లేవు, నిమ్మకాయ మీద ఉన్నాయి.

లోపల అయ్యగారు నన్ను అడగాల్సిన మాట అడిగారు. నేను తలుపు వైపు చూశాను. మళ్లీ అడిగారు. ఒప్పుకున్నానని చెప్పాను, పక్కనున్న పెళ్లికొడుక్కు తప్ప ఎవరికీ వినపడి ఉండదు. గోడకు అవతల నిలబడ్డ మనిషికి అసలే వినపడదు. గట్టిగా చెప్పాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

బయటికి వచ్చాక బాపు కత్తిని అల్లుడి చేతిలో పెట్టాడు. అందరికీ చెప్పే పాఠం ఆయనకు మరోసారి చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "అయ్యిందా బిడ్డా?" అన్నాడు.

"అయ్యింది బాపూ" అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా నా పెళ్లి గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంతే.

మంథని పోయాక మా అత్తగారి పొలం గట్టున ఒక పాత వీరుల రాయి చూశాను. కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, ముఖం అరిగిపోయింది. ఎవరని అడిగితే, "ఎవడో సిపాయి, ఎప్పుడో సచ్చిండు" అన్నారు మా ఆయన. చస్తే రాయి పెడతారు. కత్తి మోసి, ఎవరినీ నరకకుండా, సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తిన్నవాడికి ఎవరు పెడతారు? ఆ గట్టు మీద నిలబడి బాపును తలచుకొని ఎంత బెంగపడ్డానో మా ఆయనకు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన, "నాకు జెప్తె గా కత్తి వట్టకనే పోదును గదనే" అన్నారు. చెప్పకముందే ఎందుకు తట్టలేదని దులిపేశాను.

తర్వాత కాలం మారింది. డీజేలు వచ్చాయి. పోరగాళ్లు ఎక్కడెక్కడివో కత్తులు తెచ్చి బారాత్‌లో ఎగరడం, వాటితో కేకులు కోసి వీడియోలు పెట్టడం మొదలైంది. పోలీసులు కేసులు పెట్టసాగారు. ఒకరోజు ఎస్సై మా ఇంటికి వచ్చి, "ఇంట్ల వెట్టుకోకు పెద్దాయనా, పరేషాన్ అయితవ్" అని మర్యాదగానే చెప్పాడట. బాపు దాన్ని పాత ధోతిలో చుట్టి స్టేషన్లో అప్పగించి వచ్చాడు. ఇప్పుడు పెళ్లికొడుకుల చేతుల్లో టెంట్‌హౌస్ వాళ్లిచ్చే రేకు కత్తులు, వాటికి ఎర్ర మఖమల్ వరలు. వాటితో దోసకాయ కూడా తెగదు.

ఆ తర్వాత చర్చిలో జరిగిన మొదటి పెళ్లికి బాపు వట్టి చేతులతో పోయి మళ్లీ మెట్ల దగ్గరే నిలబడ్డాడని అవ్వ చెప్పింది. ఆదివారం ఆరాధనకు లోపల కూర్చునే మనిషే. పెళ్లి అనేసరికి కాళ్లు లోపలికి పోలేదట. నేనప్పటికి ఆసిఫాబాద్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. ఆ మాట వినగానే ఫోన్ చేశాను.

"బాపూ, నీ మనుమరాలి పెండ్లికి నువ్వు లోపటనే కూసోవాలె. ముందటి బెంచీ, నా పక్కన."

"ముందటి బెంచీ మీదనా? నాకు సిగ్గయితది బిడ్డా."

"సిగ్గెందుకు?"

"అందరు పెండ్లి పిల్లను జూడాలె గని నన్ను జూస్తరు." మళ్లీ తనే, "కూసుంట తియ్యి. నీది సూడలే, దానిదన్న సూస్త" అన్నాడు.

ఫోన్ పెట్టేసి డ్యూటీ గదిలో కూర్చొని ఏడ్చాను. ఇన్నేళ్లూ ఆయనకూ ఆ బాధ ఉందని నాకు అంతకుముందు తెలియదు. బయట నిలబడటమే ఆయనకు ఇష్టమనుకున్నాను.

నా బిడ్డ చదువు అయ్యేదాకా పెళ్లి వద్దంది. మేమూ బలవంతం చేయలేదు. పోయినేడు వానకాలంలో బాపు పోయాడు.

ఈ ఎండాకాలం ఆసిఫాబాద్‌లో దాని పెళ్లి చేశాం. పెళ్లికొడుకు కత్తి ఏమీ వద్దన్నాడు, సూటు వేసుకొని కారు దిగాడు. మా ఆయన బిడ్డ చెయ్యి పట్టుకొని తలుపు దగ్గర సిద్ధంగా ఉన్నారు. నేను ముందు బెంచీలో అవ్వను కూర్చోబెట్టి, నడుమ ఒక మనిషికి చోటు విడిచి కూర్చున్నాను. బయట నిలబడే పని ఈసారి ఎవరికీ లేదు. బాపు ఉంటే లోపలికి వచ్చేవాడు. అన్నీ కుదిరాయి, ఆయనొక్కడే లేడు. బిడ్డ పెళ్లి రోజు ఇట్లా అనుకోవద్దని తెలుసు, కానీ ఆ గడియలో నాకు బిడ్డ కంటే బాపే ఎక్కువ కావాలనిపించింది.

పాట అందుకున్నారు. ఆలస్యంగా వచ్చిన మా ఆడబిడ్డ నా దగ్గర వంగి, "గీడ ఎవలన్న ఉన్నరా వదినె?" అని మెల్లగా అడిగింది.

"మా బాపు" అన్నాను.

బాపు పోయిన సంగతి ఆమెకు తెలుసు. సమాధి దగ్గర నన్ను పట్టుకున్నది ఆమే. నా ముఖం ఒకసారి చూసి, వెనక బెంచీకి వెళ్లి కూర్చుంది.