వాంతి చేసుకున్నవాడికే మొదటి ములాఖత్

మా జైలు కంపౌండర్ బాపు పోయి పదకొండు రోజులు కూడా కాలేదు, ఆయన పెట్టిన పద్ధతిని ఎత్తేశారు. గేటుకు కొత్త కాగితం అంటించారు: వాంతులు, విరేచనాలు ఉన్న ఖైదీలకు తగ్గేదాకా ములాఖత్ లేదు, ఇంటివాళ్లు రావద్దు. ఇది తప్పు. చదువుకున్నవాళ్లు చేశారు కాబట్టి ఇంకా పెద్ద తప్పు. నేను పదో తరగతి దాటలేదు, ఇక్కడ సఫాయి పని చేస్తాను. అయినా నాకు తెలుసు, ఎందుకంటే నాకు నేర్పింది ఆయన.

బాపు కంఠేశ్వర్‌లోని ఇంట్లో, పొద్దున చాయ్ తాగుతూ తాగుతూనే పోయారు. నేను వెళ్లేసరికి ఆయన భార్య, మేం అవ్వ అంటాం, గ్లాసు చూపించింది. "సగం చాయ్ ఇడిసిపెట్టిండు బిడ్డా. బతుకుల ఇదే మొదటిసారి." ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే.

నేను పనిలో చేరిన వారానికే బ్యారక్‌లో ఒకతను నేలమీద వాంతి చేసుకున్నాడు. నేను బకెట్ నీళ్లు కుమ్మరించి పొరక అందుకున్నాను. వెనక నుంచి బాపు కేక.

"ఆగురా! రోగానికి బండి కట్టి జైలంత తిప్పుతున్నవా?"

ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేయించారు. వాంతి మీద పాత గుడ్డలు కప్పి, అప్పుడే కలిపిన బ్లీచింగ్ నీళ్లు పోయించారు. కొంతసేపు అలాగే వదిలేసి, అంచు నుంచి నడిమికి తుడవాలన్నారు.

"కొంతసేపంటే ఎంత, బాపు?"

"ఒక చాయ్ తాగేంత."

"వాంతి పక్కన చాయ్ ఏంది!"

"అవుతలికి పోయి తాగు, చేతులు కడుక్కొని. తొందరపడెటోనికి ఈ పని రాదు."

నోరోవైరస్ అనే పేరు ఆయన దగ్గరే మొదట విన్నాను. తర్వాత బస్సులో కూర్చుని ఫోన్‌లో చదువుకున్నాను. పొద్దున ఒకడికి మొదలైతే మర్నాటికి పక్కన పడుకున్నవాళ్లందరికీ పాకుతుంది. మా దగ్గర బ్యారక్‌కు ఒకే నల్లా, ఒకే మరుగుదొడ్డి. ఎవరో సార్ గోడకు శానిటైజర్ సీసా తగిలిస్తే బాపు చేతులు జోడించారు. "సార్, ఈ రోగం గా సీసాకు బెదరదు. సబ్బు ఇప్పియ్యుండ్రి, చాలు."

వంటశాలలో పనిచేసే ఖైదీ ఒకతను, విరేచనాలు తగ్గిన మర్నాడే గరిటె పట్టుకోబోయాడు. బాపు గరిటె లాక్కున్నారు.

"తగ్గినంక ఇంక రెండు దినాలు. అందాక వంట దిక్కు సూడొద్దు."

"నేను లేకుంటే పప్పుల ఉప్పు సరిగ వేసెటోడు లేడు బాపు."

"ఉప్పు లేకున్నా బతుకుతరు. నీ చెయ్యి పడితే అందరు దొడ్డి ముందు లైను కడుతరు."

అసలు సంగతి రెండేళ్ల కిందటిది. బోధన్ వైపు చెరకు నరికే రోజులు. జైల్లో వాంతులు మొదలయ్యాయి. జబ్బు పడ్డవాళ్లకు వేరే గది, వేరే దొడ్డి పెట్టారు. ఒక్కడూ రాలేదు. అందరూ బాగున్నామంటారు, బ్యారక్ మాత్రం కంపు కొడుతుంది. చెరకు కొట్టే ఒకతను తువ్వాలలో వాంతి చేసుకుని, దాన్ని మడిచి దుప్పటి కింద దాచాడు. సాయంత్రానికి అతని రెండు పక్కలవాళ్లూ పడిపోయారు. గార్డులు అతని మీద అరుస్తుంటే బాపు పక్కన కూర్చున్నారు.

"ఎందుకు దాచినవ్ బిడ్డా?"

"ఆ గదిలకు పోతే ములాఖత్ పోతది బాపు. నా బిడ్డ నడుస్తున్నదట. సోమవారం తెచ్చి సూపిస్త అన్నది దాని తల్లి."

బాపు కళ్లద్దాలు తుడుచుకుని అప్పటి సూపరింటెండెంట్ దగ్గరికి నడిచారు. నేను బకెట్‌తో తలుపు దగ్గరే ఉన్నాను.

"సార్, మనం వాంతికి శిక్ష వేస్తున్నం. శిక్ష పడుతదంటే ఎవడన్న ఒప్పుకుంటడా? జైలు నడిపెటోళ్లం, గీ ముచ్చట మనకే ఎరుక లేదా?"

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. జబ్బు గది కిటికీ వెనక పెరట్లోకి ఉంటుంది. కిటికీకి దూరంగా తాడు కట్టాం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఏ వస్తువూ ఇవ్వొద్దు. పోయేటప్పుడు ఇంటివాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జబ్బు పడ్డవాడికే మొదటి ములాఖత్. ఆ సోమవారం తాడు అవతల ఆ పిల్ల నాలుగడుగులు వేసి కూలబడింది. కిటికీలో తండ్రి చప్పట్లు కొడితే మళ్లీ లేచింది. బాపు నా భుజం మీద చరిచారు. "సూడు, గిదే మందు!"

ఇక ఆ ములాఖత్ కోసం అందరికీ కడుపులో తిప్పడం మొదలైంది! ఒక ఘనుడు బెల్లం నీళ్లలో అన్నం పిసికి నేలమీద పోసి మూలిగాడు. బాపు వంగి చూశారు. చీమలు బారు కట్టి వస్తున్నాయి.

"ఏందిరా, నీ కడుపుల గానుగ ఉన్నదా?"

బ్యారక్ అంతా పడీ పడీ నవ్వింది. వాడికి రెండు దినాలు వట్టి గంజి పోయించారు. కానీ తిట్టలేదు. "దాచెటోనికన్న అబద్ధం చెప్పెటోడు నయం" అన్నారు. నిజంగా జబ్బు పడ్డవాళ్లు మొదటి వాంతికే చెయ్యెత్తారు. రోగం ఆ బ్యారక్ దాటలేదు. కిటికీ దగ్గరికి వచ్చిన ఇంటివాళ్లను కూడా మరుసటి వారం ఒక్కొక్కరినీ అడిగాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు కొత్త సార్లు రోగం బయటికి పాకుతుందని ఆ కాగితం అంటించారు. నిన్న బ్యారక్ కడుగుతుంటే మురుగునీళ్ల మోరీ దగ్గర అదే కంపు. ఎవరికి బాగాలేదని అడిగితే అందరూ పైకప్పు చూశారు. ఎవడో దాస్తున్నాడు. వాడి పక్కన నలభై మంది పడుకుంటున్నారు, వాళ్లకు వండేవాళ్లూ అక్కడే పడుకుంటున్నారు.

బాపుకు దండలు వద్దు, సంతాప సభ వద్దు. సార్లూ, ఆ కాగితం తీసేయండి. కిటికీ తెరిచి, తాడు కట్టి, జబ్బు పడ్డవాడికి మొదటి ములాఖత్ ఇస్తామని రాసి గేటుకు అంటించండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి, కింద సంతకం పెట్టండి. నోటిమాట నాకొద్దు. సోమవారం పొద్దున ఇంటివాళ్లు పిల్లల్ని ఎత్తుకుని బస్సులు దిగుతారు. శనివారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు కావాలి.