మా టీచరుగారికి కోపం వచ్చేది

మాకు తెలుగు చెప్పిన టీచరుగారు బాపట్లలో పోయారు. తెనాలిలో నేను ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా అటెండరు వచ్చి ఆఫీసులో ఫోన్ ఉందన్నాడు. అవతల ఆవిడ చెల్లెలు. "అక్క పోయిందమ్మా. పొద్దున కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నారు. ఫోన్ పెట్టేశాను. క్లాసుకు తిరిగి వెళ్ళాను. పిల్లల్ని చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను.

భూస్థాపన బాపట్లలోనే జరిగింది. మరుసటి వారం రేపల్లె చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసిన ఊరు అది, నేను హైస్కూలు చదివిన ఊరు కూడా. ప్యాసింజరు రైల్లో ఏడుస్తూ వెళ్ళాను. వచ్చేటప్పుడు మాత్రం ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోతోంది. నాలుగు రోజులైనా ఆ మంట చల్లారలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆ కూడికలో ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ఒకే మాట చెప్పారు. టీచరుగారు శాంతమూర్తి అట. కోపమంటే ఏమిటో ఎరగరట. ఏనాడూ ఎవరి మనసూ నొప్పించలేదట. చివరగా లేచిన సంఘ పెద్ద జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని, "మనందరం కష్టపడి మంచివాళ్ళం కావాలి గానండి, ఆ తల్లి పుట్టుకతోనే అలా పుట్టింది" అన్నాడు. జనమంతా తలలూపారు.

అబద్ధం! మా టీచరుగారికి కోపం వచ్చేది. ముక్కు మీదే ఉండేది. డస్టరు విసిరేవారు. మాట విసిరితే డస్టరే నయమనిపించేది. నన్ను నొప్పించారు, నలభై మంది ముందు నొప్పించారు. పుట్టుకతోనే మంచిదైపోతే ఇక ఆవిడ చేసిందేముంది? ఒక మనిషి ఏళ్ళ తరబడి తనతో తాను పడిన పాట్లన్నీ ఒక్క పొగడ్తతో తుడిచేశారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. మాది పెనుమూడి వైపు. మా అమ్మా నాన్నా పొలం పనులకు వెళ్ళేవాళ్ళు. నాయనమ్మ కోతల కాలంలో నలుగురు ఆడవాళ్ళతో కలిసి పడవ మీద కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు కూలికి పోయేది. టీచరుగారు 'మా ఊరి రేవు' మీద వ్యాసం రాయమన్నారు. నేను నాయనమ్మ గురించి రాశాను. అందులో ఒకచోట, "ఏరు దాటేటప్పుడు మా నాయనమ్మ నోరు విప్పదు. ఒడ్డున కాలు పెట్టాక మాత్రం ఏటిని తిట్టిపోస్తుంది" అని రాశాను.

టీచరుగారు ఆ కాగితం పట్టుకుని నన్ను లేవమన్నారు.

"ఎక్కడ చూసి రాశావే ఇది?"

"చూళ్ళేదండి. నేనే రాశానండి."

"పక్కూరి పేరు తప్పు లేకుండా రాయడం రాదు నీకు. ఈ మాట నీదా? ఏ పుస్తకంలోది?"

"మా నాయనమ్మదండి."

"మీ నాయనమ్మ వ్యాసాలు కూడా రాస్తుందేంటి?"

క్లాసంతా గొల్లుమంది. టీచరుగారు కాగితాన్ని నిలువునా చింపి బల్ల మీద పెట్టారు. ఆ రోజు నుంచి బళ్ళో నా పేరు 'కాపీ'. నీళ్ళ పంపు దగ్గర, ప్రేయరు లైనులో, ఇంటికి వెళ్ళే దారిలో అదే పేరు. నేను వ్యాసాలు రాయడం మానేశాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపి ఇస్తే ఎవరూ ఏమీ అనరని అప్పుడే తెలిసింది.

రెండు నెలల తర్వాత టీచరుగారు ఎవరింటికో పెళ్ళికని పెనుమూడి రేవులో పడవ ఎక్కారు. అదే పడవలో కూలి ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక ముసలమ్మ పడవ అంచు గట్టిగా పట్టుకుని, పెదాలు బిగించి, పలకరించినా పలక్కుండా కూర్చుందట. అవతలి ఒడ్డున దిగీ దిగగానే చీర పైకి దోపుకుని వెనక్కి తిరిగి, "నీ దుంప తెగ, నా మొగుణ్ణి మింగింది చాలకపోయిందా" అని ఏటిని తిట్టడం మొదలుపెట్టిందట. మా తాత పడవ బోల్తాపడి పోయాడని నేను వ్యాసంలో రాయలేదు. అది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి రాయాలని తోచలేదు.

సోమవారం టీచరుగారు క్లాసుకు వచ్చి హాజరు వేయలేదు. నన్ను లేపలేదు కూడా. ఆవిడే బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఈ పిల్ల రాసింది కాపీ అన్నాను. కాదు. ఆ మాట ఆ పిల్లదే. కూలివాళ్ళ పిల్లకి అంత మాట ఎక్కడిదనుకున్నాను. మా అమ్మ కూడా కలుపు తీసిన మనిషే. అయినా అనుకున్నాను. నాది తప్పు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నన్ను క్షమిస్తావా అమ్మాయ్?" అని అడిగారు.

ఆవిడ గొంతు వణుకుతోంది. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. "లేదండి" అన్నాను.

ముందు బెంచీ పిల్లలు నోళ్ళు నొక్కుకున్నారు. పక్క క్లాసు టీచరు గుమ్మంలో నిలబడి విని, "ఎంత పొగరే నీకు! పెద్దావిడ అడుగుతుంటే!" అని మీదికి రాబోయింది. టీచరుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "అడగడం నా వంతు. ఇవ్వడం దాని ఇష్టం. దాన్ని ఏమీ అనకండి" అన్నారు. తర్వాత పాఠం మొదలుపెట్టారు.

మేమూ టీచరుగారూ వెళ్ళే ఆ రేపల్లె చర్చిలో నెలకొక ఆదివారం ప్రభు భోజనం, అంటే రొట్టె ముక్కా ద్రాక్షరసమూ, ఇస్తారు. ఎవరితోనైనా తగువుంటే ముందు వాళ్ళతో సమాధానపడి, ఆ తర్వాతే బలిపీఠం దగ్గరికి రావాలని ప్రతిసారీ చదువుతారు. చదవడం చదువుతారు, వినడం వింటారు. గట్టు తగాదాలో ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా పక్కపక్కనే మోకాళ్ళూని, లేచి, ఎడమొహం పెడమొహంగా వెళ్ళిపోవడం నేను చూశాను. టీచరుగారు మాత్రం దాన్ని పట్టుకున్నారు. ఆ నెల వరుసలన్నీ ముందుకు కదిలితే ఆవిడ బెంచీలోనే కూర్చుండిపోయారు. తర్వాతి నెలా అంతే. ఆ తర్వాతా అంతే. పాస్టరుగారు ఇంటికి వెళ్ళి, "దేవుడు ఎప్పుడో క్షమించాడమ్మా, రండి" అన్నారట. "నేను చింపింది దేవుడి కాగితం కాదండి" అన్నారట ఆవిడ.

ఊరికి ఇదంతా అక్కర్లేదు. భర్త పోయిన ఆడది, ఒంటరిగా ఉంటుంది, ప్రభువు బల్లకు రావడం లేదు. అంతే, నోటికొచ్చినట్టు కథలల్లారు. ఏదో పాపం చేసి ఉంటుందన్నారు. సండే స్కూలు పిల్లలకు ఆవిడ చేత పాఠం చెప్పించవద్దని కమిటీలో పట్టుబట్టి ఆ పని మాన్పించిన వాడెవడో తెలుసా? మొన్న జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్న సంఘ పెద్దే. అదే నోరు, అదే చర్చి. అప్పుడు పాపిష్ఠిది, ఇప్పుడు పుట్టుకతోనే దేవత. నడుమ ఉన్న మనిషిని మాత్రం ఏనాడూ చూడలేదు.

నేను చూశాను. నన్నూ వదిలిపెట్టను. ఆవిడ ఒక్కరే బెంచీలో మిగిలిపోయిన ప్రతి ఆదివారం నాకు లోపల హాయిగా ఉండేది. కూలివాళ్ళ పిల్ల ఒక్క మాటకు అంత పెద్దావిడ కదలకుండా కూర్చుందని గర్వంగా ఉండేది. ఆవిడ గురించి జనం ఏమంటున్నారో నా చెవిన పడుతూనే ఉండేది. అసలు సంగతి ఇదీ అని నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. చెబితే ఆ తప్పంతా పొగరుబోతు పిల్ల మీదికి తిరుగుతుందని ఆవిడకు తెలుసు.

బళ్ళో మాత్రం ఒకటి మారింది. వ్యాసం పుస్తకాలు తెచ్చేటప్పుడు అట్టలన్నీ వెనక్కి మడిచి, రాసిన పేజీ పైకి వచ్చేలా పేర్చమని లీడరుకు చెప్పారు. పేరు చూడకుండా దిద్ది, మార్కు వేసి, అప్పుడు అట్ట తిప్పేవారు. "దస్తూరి తెలిసిపోదా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. "తెలుస్తుందే. తెలిసినా తిప్పకుండా ఉండటం నేర్చుకుంటున్నాను" అన్నారు. నాకు ఎక్కువ మార్కులేమీ వేయలేదు. పుస్తకంలోంచి దింపిన నా వ్యాసాలకు పదికి నాలుగు వేసి, కింద 'ఇది నీది కాదు' అని రాసేవారు. ఆ మాట చదివి నాకు కోపం వచ్చేది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చేది.

కోపం మానుకోవడం కూడా నా కళ్ళముందే జరిగింది. చప్పున జరగలేదు. డస్టరు ఎత్తి, ఆగి, బల్ల మీద పెట్టి, కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చేవారు. కొన్నిసార్లు కిటికీ చాలక వరండా చివరిదాకా వెళ్ళేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. ఒక్కోసారి డస్టరు ఎగిరేది కూడా. అప్పుడు మర్నాడు దెబ్బ తిన్న పిల్ల దగ్గరికి, ఆ క్లాసు ముందే, వచ్చి నిలబడేవారు. శాంతమూర్తులు అలా వరండాలో పచార్లు చేయరు.

పదో తరగతి పాసై, తెనాలిలో ఇంటర్ చేరే ముందు శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మర్నాడు ప్రభు భోజనం.

"రేపు మీరు వెళ్ళండి టీచర్. నాకు కోపం పోయిందండి" అన్నాను.

ఆవిడ బియ్యం ఏరుతూ నా మొహంలోకి చూశారు. "పోయిందా? పోయిందని చెబుతున్నావా?"

"చెబుతున్నానండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. "నిజం చెప్పావు. నాకూ అంతేలే, మనసు మారేదాకా ఆగితే ఎప్పటికి మారేను? ముందు చేతికి నేర్పుతున్నాను. నీది పోయిన రోజున ఒక కార్డు ముక్క రాయి. అందాకా నేను కూర్చుంటాను, నాకేం కాదు" అన్నారు. మర్నాడు నేను చూస్తుండగా కూర్చునే ఉన్నారు.

తెనాలి హాస్టల్లో మా గదిలో ఎనిమిది మందిమి. వానాకాలంలో నా గొడుగు కనబడలేదు. పక్క మంచం అమ్మాయి తీసిందని అందరి ముందూ అన్నాను. ఆ పిల్లకు గొడుగు లేదు, అదే నా సాక్ష్యం. మూడో రోజున గొడుగు నా ట్రంకుపెట్టె వెనకే దొరికింది. దొరికిన రోజు నేను నోరెత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఎనిమిది మంది ముందు 'నాది తప్పు' అనడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేసింది, నేను చెప్పాక కూడా మాట్లాడలేదు. అది దాని ఇష్టం. ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని, నలభై మంది ముందు వణుకుతూ నిలబడ్డ గొంతును తలుచుకుని భోరున ఏడ్చాను. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళి కార్డు కొని, 'పోయిందండి' అని ఒక్క మాట రాసి పంపాను.

తర్వాత నేనూ టీచరునయ్యాను. ఆవిడ రిటైరై బాపట్లలో చెల్లెలి ఇంటికి చేరాక రెండుసార్లు వెళ్ళి చూశాను. "కార్డు అందిందా టీచర్? వెళ్ళారా?" అని మొదటిసారే అడిగాను. "అందింది. వెళ్ళాను" అని, "అది సరే, నీ క్లాసులో అట్టలు మడుస్తున్నావా లేదా?" అన్నారు. మడుస్తున్నానన్నాను. "ఎన్నాళ్ళకీ అలవాటు కాదు చూడు. నాకు ఆఖరి ఏడాది కూడా అట్ట తిప్పి చూద్దామని చెయ్యి పీకేది" అన్నారు. ఆ చెయ్యి పీకడం గురించి మొన్న చర్చిలో చెబుదామని లేచాను. "టైమయిపోయిందమ్మా, భోజనాలున్నాయి" అని కూర్చోబెట్టారు.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే చర్చి ఊడ్చి గంట కొట్టే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ గంట ఆవిడే కొడుతోంది. "ఏం చెబుదామని లేచావు పాపా?" అంది. వ్యాసం దగ్గర్నుంచి కార్డు దాకా అంతా చెప్పాను. పిన్ని చీపురు గోడకు ఆనించింది.

"అదా సంగతి! ఆ ఆదివారం నేను వెనకాల తలుపు దగ్గరే ఉన్నా. పాస్టరుగారు ఇంకా ప్రార్థన చదువుతున్నాడు. ఎవుర్నీ పిలవలేదు. మొదటి వరస వాళ్ళే ఇంకా లేవలేదు. మీ టీచరమ్మ వెనక బెంచీలోంచి లేచి, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తింది పాపా! యాభై దాటిన మనిషి, అంతమంది మధ్యలోంచి, చంటిపిల్ల మల్లే పరిగెత్తింది. అందరూ నవ్వారు. ఆవిడకి వినపడితే గదా. వెళ్ళి బలిపీఠం ముందు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ దోసిలి పట్టింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా ఆ చేతులు దించలేదు."