మాస్టారు కోయనివ్వని ఖాళీ

నా పేరు పైడమ్మ. వయసు డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటాం. ఇంట్లో నలుగురం: రైలింజన్ల షెడ్డులో డ్యూటీ చేసే నా కొడుకు, నెహ్రూ నగర్‌లో ఒక ఆస్పత్రిలో పనిచేసే కోడలు లక్ష్మి, పదో తరగతికి వచ్చిన మనవరాలు చిన్ని, నేను. మా గోడకవతల క్వార్టరులో కొడుకు దగ్గరుంటున్న లెక్కల మాస్టారు మొన్న ఆదివారం పొద్దున్న కుర్చీలో కూర్చునే పోయారు. పెదకర్మనాడు పంచే పుస్తకానికి ఎరిగినవాళ్ళందరినీ రెండు మాటలు రాయమన్నారు. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఇందులో దానిమీద ఫిర్యాదు కూడా ఉంది. అయినా ఒక్క ముక్క తప్పించకుండా రాస్తానని ఒప్పుకుంది.

మాస్టారు సుద్దముక్కని కలంలాగ జేబులో పెట్టుకునేవారు. ఏ చొక్కా చూసినా జేబు తెల్లగా ఉండేది. కాలనీ పిల్లలకి వరండాలో లెక్కలు చెప్పేవారు. చదువులో అందరికంటే చిన్ని వెనక. ఒకసారి చెబితే దానికి ఎక్కదు, రెండోసారి అడగడానికి సిగ్గు. ఆయన పరీక్ష పెట్టేవారు కాదు. పాఠం అయ్యాక, "పోయి అప్పకి చెప్పి రా" అని నా దగ్గరికి తోలేవారు. మావైపు అప్పంటే అక్క, ఆయన నన్ను అలాగే పిలిచేవారు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వినేదాన్ని. కాసేపటికి గోడకవతల నుంచి గొంతు వచ్చేది:

"అప్పా, తెలిసిందా?"

తెలియకపోతే తెలియలేదనే అరిచేదాన్ని. చిన్ని మూతి ముడుచుకుని మళ్ళీ వెళ్ళేది. "తెలిసింది అనకు, చెప్పు" అనేవారాయన. అంతకంటే గట్టిగా ఎవర్నీ ఏమీ అనలేదు.

ఒకనాడు సిగ్నల్ స్తంభం ఎక్కకుండానే దాని ఎత్తు చెప్పొచ్చని వచ్చింది చిన్ని. కర్ర పాతి, కర్ర నీడా స్తంభం నీడా కొలిస్తే చాలట.

"మరి మబ్బేస్తే నీడేదే? అప్పుడేటి కొలుస్తావు?" అన్నాను.

అది నోరు తెరిచింది. గోడకవతల ఆయన పడీపడీ నవ్వారు. "ముప్పై ఏళ్ళు చెప్పాను గానీ ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదప్పా! చిన్నీ, తొందరేం లేదు. ఎప్పుడు తోస్తే అప్పుడు చెప్పు." ఆ జవాబు అప్పులాగ అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆయనకి ఆయాసం పట్టుకుంది, వరండా పాఠాలు ఆగిపోయాయి. అంతకుముందే పాత శిష్యుడొకడు ఆయన చేత పాఠాలు వీడియో తీయించి ఆన్‌లైన్ కోర్సు చేశాడు. టైము లేదు, బడి లేదు, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు చూసుకోవడమే. కోడలికి అది నచ్చింది.

"తోర్వా అంత దూరం కోచింగంటే రోజూ ఎవరు దింపుతారత్తా? ఇంట్లోనే చూసుకుంటాది. అర్థం కాపోతే పదిసార్లు చూస్తాది, ఎవరూ నవ్వరు."

నేను మాస్టార్నే అడిగాను. "వీడియోకి విసుగు రాదప్పా, అది దాని మంచి. ఎదురుచూడ్డం రాదు, అది దాని చెడ్డ. అందుకే ప్రశ్న అడిగాక కొంత ఖాళీ ఉంచాను. మా శిష్యుడు కోసేద్దామన్నాడు. కోయనివ్వలేదు" అన్నారు.

చిన్ని గదిలో కూర్చుని టాబ్లెట్‌లో పాఠాలు చూసేది, నేను దాన్ని పలకంటాను. ఒక్కో పాఠం అవగానే పలక మీద పచ్చ టిక్కు పడేది. పోయిన మా ఆయన రైల్వే గేటుమ్యాన్‌. యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో పచ్చ అంటే దారి బాగుందనే. టిక్కులన్నీ చూసి నేనే కొడుకుతో అన్నాను, "అన్నీ పచ్చేరా, బెంగక్కర్లేదు" అని. ఆ తప్పు నాది.

మాస్టారు పోయిన అయిదో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టి ఇల్లంతా మసగ్గా ఉంది. నడవాలో బియ్యం ఏరుతున్నాను. ఆయన గొంతు వినబడింది. తల గోడవైపే తిరిగింది. కానీ గొంతు వచ్చింది గోడలోంచి కాదు, చిన్ని గదిలోంచి. ఆయన వాకిట్లో పడుకునే కుక్క చెవులు నిక్కించి మా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు, పోలేదు.

గదిలోకి వెళ్ళాను. పలకలో ఆయన, చేతిలో సుద్దముక్క. అదే నీడల పాఠం. "ఇప్పుడు నువ్వు చెప్పు. మీ ఇంట్లో ఎవరికైనా చెప్పు. నేనుంటాను" అన్నారు. చిన్ని వేలు పెట్టి వీడియో ముందుకి జరపబోయింది.

"ఏటే అది?"

"ఖాళీ నాయనమ్మా. అందులో ఏం ఉండదు. అందరూ జరిపేస్తారు. టిక్కు ఎలాగూ పడిపోద్ది."

"అన్నీ ఇలాగే జరిపీసినావా?"

వేలు పలకమీదే ఉంచి తల దించుకుంది.

"తియ్యి చెయ్యి. ఉంటానన్నాడు కదా, ఉండనీ."

కూర్చున్నాం. ఆయన కదలకుండా మమ్మల్నే చూస్తున్నారు. ఎక్కడో గూడ్సు బండి పోయింది, మా కాలనీలోనో పలకలోనో తెలియలేదు. అప్పుడు ఆ పలకలోంచి, ఆయన వెనక గోడలోంచి, నా గొంతు వచ్చింది.

"మాస్టారూ! మా చిన్ని గుంట అక్కడుందా?"

నేను నోరు తెరవలేదు. పలకలో ఆయన గోడవైపు తిరిగి అన్నారు:

"ఉండప్పా. ఇంకా చెప్పలేదు."

మళ్ళీ చిన్ని వైపు తిరిగి, సుద్దముక్క పెదవికి ఆనించి ఆగారు. నేను ఏనాడు అలా కేకేశానో నాకు గుర్తు లేదు.

చిన్ని నా నోటికేసి చూసింది. "నాయనమ్మా..." అని, కిటికీలోంచి మబ్బు చూసి, మెల్లగా అంది. "నీడ లేపోతే పళ్ళెంలో నీళ్ళు పోసి నేలమీద పెడతాను. స్తంభం తల అందులో కనబడేదాకా వెనక్కి నడుస్తాను. నీళ్ళకి నేనెంత దూరం, స్తంభమెంత దూరం కొలుస్తాను. నా ఎత్తు తెలుసు కదా. సరిపోద్ది."

"అచ్ఛా" అన్నారు మాస్టారు.

వీడియోలో ఖాళీ సరిగ్గా అప్పుడే ముగిసింది, అంతే. ఏడుస్తూ పలక మూసేసింది చిన్ని.

నా ఫిర్యాదు ఇదీ. కోర్సు తీసెయ్యమనను. మెల్లగా నేర్చుకునే పిల్లకి అది మేలే. కానీ పదో తరగతి పిల్లని దానితో ఒంటరిగా వదలకండి. ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి, చదువు రాకపోయినా సరే. లక్ష్మీ, మధ్యాహ్నాలు ఇక ఆ మనిషిని నేను. నా తర్వాత నువ్వు.

ఆ సాయంత్రం చిన్ని పెరట్లో పళ్ళెం పెట్టి నీళ్ళు పోసింది. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గోడదాకా వెళ్ళింది. పళ్ళెం నీళ్ళలో సిగ్నల్ పచ్చగా వణికింది. ఈసారి ఆ పచ్చకి నేను తలూపలేదు. "అప్పా, తెలిసిందా?" అని వినబడుతుందేమోనని గోడవైపు చెవి పెట్టి ఉండిపోయాను.

ఇది పైడమ్మ బొటనవేలి నిశానీ.
సాక్షులు: రాసిన కోడలు లక్ష్మి. మనవరాలు చిన్ని, హిందీలో సంతకం, తెలుగు చదవడం రాదు గనక మొత్తం చదివించుకుని విన్నాక.