ఆదెమ్మవ్వ ఇంటి ఖాళీ గుంత

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెల మొదటి సోమవారం, నన్ను హిందూపురం కేంద్రం నుంచి ధర్మవరం ఉపకేంద్రానికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. హోదా అదే, కుర్చీ మాత్రం మారింది. మాది ఆరేళ్లలోపు పిల్లలకు పనిచేసే సంస్థ. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాట్లాడటం వయసుకు తగ్గట్టు రాని బిడ్డలను ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలు. ఆ పనినే ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటారు. హిందూపురంలో ప్రధాన కేంద్రం, పెనుకొండలో సమీక్షలు జరిగే ఆఫీసు, ధర్మవరంలో రెండు గదుల ఉపకేంద్రం ఉండేవి. మూడూ ఒకే రైలు మార్గంలో ఉన్నందువల్ల నా సర్వీసు సగం ప్యాసింజర్ రైల్లోనే గడిచిందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ పనిలో కుటుంబమే కేంద్రమని మా శిక్షణలో పదేపదే చెప్పేవారు. బిడ్డ మా దగ్గర ఉండేది వారానికి ఒక్క పూట. మిగతా కాలమంతా ఇంట్లోనే కాబట్టి అమ్మానాన్నలకు నేర్పించాలి, వాళ్ల అవసరాలు తెలుసుకోవాలి, వాళ్లతో కలిసి లక్ష్యాలు రాసుకోవాలి. జూనియర్లకు ఈ పాఠం చెప్పేది నేనే. చెప్పడం నాకు బాగా వచ్చు.

ధర్మవరంలో నాకు అప్పగించిన ఫైళ్లలో ఒకటి జాహ్నవిది. రెండున్నరేళ్ల పాప. సెరిబ్రల్ పాల్సీ వల్ల కాళ్ల కండరాలు బిగుసుకుపోయి, నిలబెడితే మోకాళ్లు వంగిపోయేవి, మడమలు నేలకు ఆనేవి కావు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. నేను కిందికి వంగిన క్షణం చూసుకుని జేబులో పెన్ను లాగేసేది. తండ్రి నాగరాజు, తల్లి రమాదేవి పట్టుచీరలు నేస్తారు. నాగరాజు తల్లి ఆదెమ్మ కండెలు చుడుతుంది. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ దూసుకుపోయే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్ట. అది అయిపోతే నేత ఆగిపోతుంది కాబట్టి ఆ ఇంట్లో అవ్వ రాట్నానికి ఖాళీ ఉండదు.

వాళ్లింటికి ఒక స్టాండింగ్ ఫ్రేము పంపించాను. నడుము దగ్గర, మోకాళ్ల దగ్గర బెల్టులు బిగించి పిల్లను నిటారుగా నిలబెట్టే చెక్క చట్రం అది. కాళ్ల మీద బరువు పడితే తుంటి కీళ్లు సరిగా కుదురుకుంటాయి, కండరాలు సాగుతాయి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నిలబెట్టి, హోం డైరీలో టిక్కు పెట్టి, వారం వారం చూపించాలని చెప్పాను.

డైరీ నిండా టిక్కులే. ఒక్క పూట తప్పలేదు, ఒక్క పండగ అడ్డం రాలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత శుభ్రమైన డైరీ నేను చూడలేదు. అందుకే అనుమానం వచ్చింది. ఒకరోజు కేంద్రంలో ఉన్న ఫ్రేము చూపించి, పాపకు బెల్టు ఎట్లా బిగిస్తారో చేసి చూపించమన్నాను. రమాదేవి బెల్టును అటు తిప్పింది, ఇటు తిప్పింది, చివరికి పక్కన పెట్టేసింది. ఈవిడ ఫ్రేము ముట్టుకోనే లేదని నాకు అర్థమైపోయింది. నాకసలే ముక్కు మీద కోపం. నలుగురు తల్లుల ముందే కేకలేశాను. ఆమె తలొంచుకుని బిడ్డను చంకనేసుకుని వెళ్లింది.

విచిత్రమేమిటంటే పాప బాగుపడుతోంది. నెల నెలా కొలతలు తీస్తే మోకాలు కాస్త కాస్త సాగుతోంది. ఆ మెరుగుదలంతా నా చేతి చలవేనని నేను గట్టిగా నమ్మాను. వారానికి నలభై నిమిషాలు నేను చేసే చికిత్సకు ఇంత గుణముందా అని లోలోపల మురిసిపోయాను కూడా.

మా ఫారంలో ఒక గడి ఉండేది: కుటుంబ సహకారం, ఉంది లేక లేదు. వరుసగా మూడు సమీక్షల్లో లేదు అని పడితే ఫైలు మూసి, ఆ స్థానం ఎదురుచూస్తున్న మరో బిడ్డకు ఇవ్వాలన్నది నిబంధన. నేను మూడుసార్లూ లేదు అనే రాశాను. ఫైలు మూస్తే మేమిచ్చే, పాదాన్ని తిన్నగా పట్టి ఉంచే కాలి స్ప్లింట్లు ఆగిపోతాయి. ఎదిగే పిల్లకు ఆరు నెలలకోసారి కొత్త కొలతతో చేయాలి, లేకుంటే పాదం మళ్లీ వంకరపోతుంది. ఆ సంగతి తెలిసీ రాశాను. తాడిమర్రి నుంచి రెండు బస్సులు మారి వచ్చే తల్లి వరుసలో నిలబడి ఉంది, ఆమెకు న్యాయం చేస్తున్నానన్నది నా ధీమా.

మూసేముందు ఒకసారి ఇంటికి వెళ్లి చూసి, సంస్థ సామాను వెనక్కి తెచ్చుకోవాలి. పెనుకొండలో సమీక్ష శుక్రవారం. గురువారం పొద్దున ఆటో మాట్లాడుకుని ఫ్రేము తెచ్చుకుందామని బయల్దేరాను.

వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించింది. ఆదెమ్మవ్వ గడపలో రాట్నం తిప్పుతోంది. నన్ను చూసి, "రాప్పా సారూ, ఈడ కూసో" అంది. నేను కూర్చోలేదు. ఫ్రేము ఎక్కడుందని అడిగాను. అవ్వ గోడ మూలకు చేయి చూపింది. ప్లాస్టిక్ కవరు చుట్టి, దారంతో కట్టి, పైన పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది నా ఫ్రేము. ముందు రెండు పూలు కూడా ఉన్నాయి.

కోపం నసాళానికంటింది. ఇన్ని నెలలూ ఎందుకు వాడలేదని గట్టిగా అడిగాను.

"కొత్త సామాను గదప్పా. పైగా మీ ఆఫీసుది. గీత పడితే అట్లాంటిది మేము యాడ తెచ్చేది? పనిముట్టని శుక్రవారం శుక్రవారం బొట్టు పెడ్తాండాం" అంది అవ్వ, నేనేదో మెచ్చుకోవలసింది పోయి అరుస్తున్నందుకు ఆశ్చర్యపోతూ.

పాప ఎక్కడ అన్నాను. "ఆడ ఉండాది చూడు, వాళ్ల నాయన పక్కన" అంది.

లోపలి గదిలో రెండు మగ్గాలకు చోటుంది. ఒకదాని మీద నాగరాజు, రమాదేవి పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. రెండోది చనిపోయిన పెద్దాయనది, నాగరాజు తండ్రిది. మగ్గం విప్పేశారు, కాళ్లు పెట్టుకునే గుంత మాత్రం అట్లాగే మిగిలింది. ఆ గుంతలోంచి జాహ్నవి తల, భుజాలు, రెండు చేతులు నేలకు పైన కనిపిస్తున్నాయి. పాప నిలబడి ఉంది.

ప్యాంటు సంగతి మరిచి నేల మీద బోర్లా పడుకుని గుంతలోకి తొంగిచూశాను. అడుగున చదునైన బండ. వీపు వెనక ఊక నింపిన గోనె సంచి. మోకాళ్లకు అడ్డంగా పాత బొంత గుడ్డ, అటూ ఇటూ మేకులకు కట్టి ఉంది. గుంత అంచు పాప రొమ్ము ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. అంచు మీద ఒక రేకు డబ్బా, దాని నిండా కండెలు. నాగరాజు నేత ఆపి, "కండె ఇయ్యి పాపా" అన్నాడు. పాప డబ్బాలోంచి ఒకటి తీసి, నడుము తిప్పి, చేయి చాచి తండ్రికి ఇచ్చింది. ఆ ఒక్క కదలిక రాబట్టడానికి కేంద్రంలో నేను గిలక్కాయలు ఊపి, పాటలు పాడి, కోతివేషాలు వేసేవాణ్ణి.

ఎంతసేపు నిలబెడతారని అడిగాను. పొద్దున ఆరు కండెలయ్యేదాకా, సాయంత్రం ఆరు కండెలయ్యేదాకా అన్నాడు. నా గడియారం పెట్టి ఒక కండె లెక్క చూసుకున్నాను. ఆరు కండెలంటే నేను చెప్పిన అరగంట దాటుతుంది.

అప్పుడు రమాదేవి మొదటిసారి నా కళ్లలోకి చూసి మాట్లాడింది. "నిలబెట్టినందుకే సార్ టిక్కు పెట్టింది. యాడ నిలబెట్టినామో మీరు అడగలేదు. మీ సెంటర్లో చట్రంలో పెడితేనే ఏడ్చింది, ఇంట్లో ఐతే ఒకరు కాపలా ఉండల్ల. ఈడైతే మా కండ్ల ముందరే ఉంటాది. మీ పద్ధతి కాదు గదా, తిడతారని చెప్పలేదు."

చెప్పకముందే తిట్టాను కదా అని నాకు సిగ్గేసింది. ఆ మాట పైకి అనేశాను, క్షమించమని కూడా అడిగాను. నాగరాజు మొహమాటపడి నాడె అందుకున్నాడు. అవ్వ మాత్రం, "పెద్దోనివి, కోపం తగ్గించుకోప్పా" అని నాకు కాఫీ ఇచ్చింది.

గుంతలో ఒక్కటే లోపం కనిపించింది. ఎడమ మడమ కాస్త లేస్తోంది. పాత చెప్పు అట్ట కోసి మడమ కింద పెట్టించాను. ఆ ఇంట్లో నా ఫిజియోథెరపీ అంతవరకే. ఫోన్లో వీడియో తీసుకుని ఆటోలో ఖాళీగా తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున ప్యాసింజర్లో పెనుకొండ వెళ్లాను. సమీక్షకు మా ప్రోగ్రాం మేనేజరమ్మ అధ్యక్షత. నాకంటే పదిహేనేళ్లు చిన్న, ఫైలు చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. జాహ్నవి ఫైలు రాగానే, నేను మూడుసార్లు రాసింది తప్పని చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి, మీ సంతకం ఉన్న రిపోర్టును మీరే కాదంటున్నారా అని అడిగారు. అవునన్నాను. ఆధారం అడిగారు. వీడియో చూపించాను. కండె అందించే చోట ఆమె నవ్వి, మళ్లీ వేయమన్నారు. మూడోసారికి గదిలో అందరూ నా ఫోను చుట్టూ మూగారు. చివరికి ఆమె ఎర్ర సిరాతో మూడు 'లేదు'లూ కొట్టేసి, పక్కన నన్నే సంతకాలు పెట్టమన్నారు. తాడిమర్రి బిడ్డ సంగతేమిటని అడిగితే, గురువారాలు మధ్యాహ్నం మీరు ఖాళీయే కదా అన్నారు. అట్లా నా మధ్యాహ్నపు కునుకు పోయింది.

ఆ ఏడాది చివరికల్లా ఫారంలో ఆ గడి తీసేసి, 'ఇంట్లో ఏం చేస్తున్నారు?' అని నాలుగు గీతలు పెట్టారు. నాలుగేళ్లు నిండేలోపే జాహ్నవి స్ప్లింట్లు వేసుకుని, గోడ పట్టుకుని, మగ్గం నుంచి గడపదాకా నడిచి అవ్వ దగ్గర కండెలు తేవడం మొదలుపెట్టింది. ఇక గుంతలో నిలబడనని మొండికేసిందట.

ఫ్రేమును అమరాపురంలో ఇంకో బిడ్డకు పంపుతూ స్టాక్ రిజిస్టరులో ఎక్కించింది నేనే. పసుపు తుడిచి, నాలుగు వైపులా చూసి, పరికరం స్థితి అన్న చోట 'కొత్తది' అని రాశాను. నా సర్వీసులో ఒక ఇంటి నుంచి అట్లా తిరిగొచ్చిన ఫ్రేము అదొక్కటే.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏ ఇంటికి వెళ్లినా డైరీ అడిగేముందు ఒక ప్రశ్న వేసేవాణ్ణి. మీరు పని చేసుకునేటప్పుడు బిడ్డ ఎక్కడుంటుంది? జవాబు నోటితో చెప్పనిచ్చేవాణ్ణి కాదు, తీసుకెళ్లి చూపించమనేవాణ్ణి.