గదిలో తెలుగు బంద్

నా హిందీ వింటే ఎవరూ నన్ను తెనాలి పిల్ల అనుకోరు. గుర్‌గావ్‌లో మా ఆఫీసు వాళ్లయితే "నువ్వు సౌత్ అంటే నమ్మలేం" అని తెగ మెచ్చుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు. ఆ హిందీ నేర్చుకున్న గది గుర్తొచ్చి.

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, గ్రేటర్ నోయిడాలో హాస్టల్. మూడో అంతస్తులో ఇద్దరు పట్టే గది. నాతో ఉండాల్సిన పిల్లది అనంతపురం వైపు, బ్రాంచి వేరే. నేను సామాన్లతో గుమ్మంలో నిలబడగానే "తెలుగేనా మే?" అంది. హమ్మయ్య అనుకుని ఇద్దరం మంచాల మీద కూలబడ్డాం.

ఆ హమ్మయ్య వారం కూడా నిలవలేదు. మెస్సులో అందరూ జోకులేసుకుని పగలబడి నవ్వుతుంటే, నవ్వాలో వద్దో తెలియక మేం పప్పులో చపాతీ ముంచుకుంటూ కూర్చునేవాళ్లం. వార్డెన్ కేకేస్తే తిడుతోందో పలకరిస్తోందో కూడా అర్థమయ్యేది కాదు. తెలుగు వాళ్లు నాలుగేళ్లూ ఒకళ్లనొకళ్లు పట్టుకు వేలాడి, ఒక్క హిందీ ముక్క రాకుండానే వెళ్లిపోతారని ఒక సీనియర్ ఎగతాళి చేసింది. ఇద్దరికీ రోషం వచ్చింది.

నిజం చెప్పాలంటే షరతు పెట్టింది నా రూమ్మేటే. "ఈ పొద్దు నుంచి రూములో తెలుగు బంద్ మే. నోరు జారినోళ్లు కిందికి పోయి ఇద్దరి బాటిళ్లకూ నీళ్లు పట్టుకోని రావల్ల." తాగే నీళ్ల కూలర్ కింద మెస్సు పక్కన ఉండేది. లిఫ్టు ఎప్పుడు పనిచేస్తుందో దేవుడికే తెలియాలి. నేను సరేనన్నాను. సరేనని ఊరుకున్నానా, పోలీసులా కాపలా కాశాను. ఇంటికి ఫోను చేయాలన్నా వరండాలోకి పోవాల్సిందే.

మొదట్లో భలే సరదాగా ఉండేది. తను "మేరా దువ్వెన కహా హై" అనడం, నేను "దొరికిపోయావోచ్!" అని అరవడం, ఆ అరుపుతో నేనూ దొరికిపోవడం. పడీపడీ నవ్వుకునేవాళ్లం. అయితే నాకు నోరెక్కువ. తప్పో ఒప్పో, గేటు బయట పళ్లమ్మే భయ్యాతో, పక్క గది దీదీతో వాగుతూనే ఉండేదాన్ని. దీపావళి నాటికి నాకు నోరు తిరిగింది. తనేమో నెమ్మదస్తురాలు. వాక్యం మనసులో కూర్చుకునేలోపు ఎదుటివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవాళ్లు. నీళ్లకు వెళ్లేది ఎక్కువగా తనే.

ఒక మధ్యాహ్నం క్లాసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా "ఈ పొద్దు ఏమైందంటే మే..." అని మొదలుపెట్టింది. ముఖం వాడిపోయి ఉంది. నేను చూడలేదని అనను, చూశాను. అయినా కిసుక్కున నవ్వి బాటిళ్ల వైపు వేలు చూపించాను. తనూ నవ్వింది. "కుఛ్ నహీ" అని బాటిళ్లు తీసుకుని కిందికి వెళ్లింది.

ఆ తర్వాత తను నోరు జారడం తగ్గిపోయింది. చలి ముదిరేసరికి నీళ్లకు వెళ్లేది ఎప్పుడూ నేనే. "అబ్బో, నన్ను మించిపోయావ్" అని హిందీలోనే మెచ్చుకున్నాను కూడా. తను మాట్లాడటమే మానేసిందని నా మట్టిబుర్రకు తట్టలేదు. కైసీ హో అంటే ఠీక్ హూ. ఖానా ఖాయా అంటే హా. అంతే.

సెమిస్టర్ పరీక్షలయ్యాక ఒక సాయంత్రం గదికి వచ్చేసరికి తన సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. అల్మారా ఖాళీ. "క్యా హువా?" అన్నాను. చూడండి, అప్పుడు కూడా నా నోటికి హిందీయే వచ్చింది.

"మా నాయన రేపు వస్తాండాడు. ఇది మానేసి ఆడ్నే ఏదన్నా కాలేజీలో చేరతా మే."

ఇక ఆగలేదు. సార్లు హిందీలోకి దిగితే ఏమీ అర్థం కాదట. అడిగితే క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుందని అడగడం మానేసిందట. మధ్యాహ్నం మెస్సుకు కూడా రాకుండా లైబ్రరీ మెట్ల మీద బిస్కెట్లు తిని సరిపెట్టుకునేదట. అన్ని నెలలు పక్క మంచం మీద పడుకున్న నాకు ఇందులో ఒక్కటీ తెలియదు.

"ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదే!" అని అరిచాను. కోపం, ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి.

"హిందీలో ఎట్ల చెప్పేది మే? నాకొచ్చిన హిందీ, బాగుండా అని చెప్పేదానికే సరిపోతాది."

ఉండిపోవే అందామనుకున్నాను. కానీ వాళ్ల నాన్న అప్పటికే రైల్లో ఉన్నాడు. తను కళ్లు తుడుచుకుని లేచి, బల్ల మీది బాటిళ్లు రెండూ అందుకుంది.

"ఎక్కడికే?"

"ఇంతసేపు తెలుగు మాట్లాడినా కదా" అని నవ్వింది.

వద్దు వద్దంటున్నా వినకుండా వెళ్లిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది. కనీసం ఒక బాటిలైనా లాక్కుని తన వెంట వెళ్లాల్సింది. మంచం మీదే కూర్చుండిపోయాను.